తాలు

కథలో ఆ సన్నివేశం పదకొండు పేజీలు.
మిర్చి యార్డు పక్క షెడ్డులో తొడిమలు తీసే ఒకామెకి
మధ్యాహ్నం ఫోనొస్తుంది, తమ్ముడు పోయాడని.
గుండె పగిలిందని రాశాను. పక్క పేరాలో మళ్ళీ పగిలింది.
కళ్ళు కృష్ణా కాలవలయ్యాయి.
ఆకాశం కూడా కన్నీరు కార్చింది అన్నాను,
మార్చి నెలలో, ఒంటిగంటకి, గుంటూరులో.

పగలు నేను కమీషన్ కొట్లో కాటా రాస్తాను.
టిక్కీలో చెయ్యి పెడితే చాలు
నీళ్ళు చల్లి తెచ్చారో లేదో చెప్పేస్తాను.
పైన కాయ గలగలలాడుద్ది,
లోపల మెత్తగా, వెచ్చగా, బూజుకి సిద్ధంగా.
పదేళ్ళుగా పట్టుకుంటున్నాను ఆ తడిని
ఊరందరి బస్తాల్లో.

అన్నం వేళ ఎస్తేరమ్మకి చదివి వినిపించాను.
పాతికేళ్ళుగా ఆమె వేళ్ళు కాయల్లోనే.
గోంగూర ముద్ద నమిలి మింగేదాకా ఏమీ అనలేదు.
"షెడ్డులో ఏడిస్తే ఎవరికి తెలుసుద్దయ్యా,
ఇక్కడ అందరి కళ్ళూ నీళ్ళేగా" అంది.
కొంగు మూతికి కట్టుకుని లేచిపోయింది.

ఆ రాత్రి బ్రాడీపేట గదిలో
పైన ఫ్యాను, కింద నేను, మధ్యలో ఎగిరే కాగితాలు.
మొదట ఆకాశాన్ని కొట్టేశాను. తేలిగ్గానే పోయింది.
కాలవలు పూడ్చాను.
రెండో గుండె తీసేశాను, కాసేపాగి మొదటిదీ.
ఫోనులో బాబాయి ఉపన్యాసం అరపేజీ.
చావు కబురు చెప్పేవాడు వాక్యాలు పూర్తి చేస్తాడా?
"నువ్వోసారి రా" దగ్గర ఆపేశాను.
ఒక్క ఉపమానం దగ్గర మాత్రం ఎర్ర పెన్ను మొరాయించింది.
డిగ్రీ రోజుల నుంచి జేబులో మోస్తున్న వెన్నెల ముక్క అది,
ఏ కథలోనూ ఇమడనిది.
కొట్టలేక వేరే కాగితం మీద ఎక్కించుకున్నాను.
తాలు కాయకీ ఓ బస్తా ఉంటుందిగా యార్డులో,
సగం ధరకి కొనేవాడూ ఉంటాడు.

తొడిమ తీస్తే తూకం తగ్గుద్ది.
రేటు సంగతి తెల్లారాక తేలుద్ది.

మూడింటికి పేజీన్నర మిగిలింది.
ఫోను జాకెట్లో దోపుకుని ఆమె మళ్ళీ కూర్చుంటుంది.
చేతులు ఆగవు.
తొడిమలు గంపలో పడుతుంటాయి,
కాయలు నేల మీద.
పక్కనామె చూస్తుంది.
ఏమీ అడక్కుండా గంప తనవైపు లాక్కుని
తొడిమలు ఏరడం మొదలుపెడుతుంది.
అంతే.

మర్నాడు అదీ చదివాను.
ఎస్తేరమ్మ చేతిలో కాయ చేతిలోనే ఉండిపోయింది.
బాగుందనలేదు, బాగాలేదనలేదు.
"ఆ పిల్లోడి పేరేంటి?" అంది.

పెట్టలేదు.
పదకొండు పేజీల్లోనూ వాడికి పేరు లేదు.
కాటా దగ్గర నన్నెవరో కేకేస్తున్నారు.
తూకం చీటీ వెనక
తొమ్మిది పేర్లు రాసి ఎనిమిది కొట్టేశాను.
తొమ్మిదోది కూడా అనుమానంగానే ఉంది.