గుండు, బద్ద, నూక

కాశీబుగ్గ జీడి షెడ్డులో పొద్దున్న ఆరింటికి
ముందు ఆముదం వాసన, తర్వాతే మాటలు.
బూడిద కలిపిన ఆముదం వేళ్లకి పట్టించుకుని
చెక్క సుత్తి అందుకుంటాను.
మోకాలి కింద అట్టముక్క,
దాని మీద రాత్రి రాసిన పది మాటలు.
యుబిక్విటస్. రెటిసెంట్. ఎఫెమెరల్.
గింజకో దెబ్బ, మాటకో దెబ్బ.

"ఏటి గొణుక్కుంతన్నావే గుంటా, మంత్రమా?"
పక్క పీట మీద తవిటమ్మ పిన్నమ్మ.
ముందు పుట్టిన ఇద్దరూ దక్కలేదని
చావు కళ్లు కప్పడానికి
ఈమెని చేటలో వేసి పొరుగింటికి
దోసెడు తవుడుకి అమ్మి, మళ్లీ కొనుక్కున్నారట.
ధర పలికిన పేరు ఆమెది.
నా మాటలకి ఇంకా ఎవరూ ధర కట్టలేదు.

"ఇంగ్లీషు, పిన్నమ్మా. బ్యాంకు పరీక్షకి."
"మనకొచ్చిన ఇంగిలీసు సాల్దేటి?
షెడ్డు, షిప్టు, గ్రేడు, ఓటీ,
అడ్వాన్సు, కటింగు..."
కటింగు దగ్గర ఆగి ఉమ్మేసింది.

మాటల్నీ పప్పులాగే ఏరడం అలవాటైంది.
స్పెల్లింగు, అర్థం, వాడుక మూడూ దక్కితే గుండు.
కనబడితే గుర్తుపట్టి
అవసరానికి నోట్లోంచి రానిది బద్ద.
మాల్ అంటే చెడు, బెనీ అంటే మంచి,
ఇలాంటివి నూక. నూకని ఎవరూ పారబొయ్యరు.
పెర్‌స్పికేషస్ మాత్రం
మూడుసార్లు డ్రయ్యర్లోకి వెళ్లొచ్చింది,
ఇంకా పొట్టు వదల్లేదు.

ఒకనాడు కవల మాటలు తగిలాయి.
పలకడం ఒకటే: కాలస్, కాలస్.
ఒకటి చేతిలో కాచిన కాయ,
ఇంకోటి మనసులో కాచిన కాయ.
రెండో దాని కడుపులో ఒక 'ఓ' ఎక్కువ.
పిన్నమ్మకి చూపించాను.
చదువు లేదు, ఆకారం చూసింది.
"సున్నా కదే ఇది!
కిలోకి రూపాయి పెంచమంటే
మేస్త్రి సూపించినాడు, ఇదే."

కార్టన్ అట్టలు చింపి రాసినవి
మంచం కింద నాలుగు వేల మాటలయ్యాయి.
ముసురు పట్టిన ఒక రోజు పుల్లలు అంటుకోక
అమ్మ 'జి' నుంచి 'కె' దాకా పొయ్యిలో పెట్టేసింది.
ఇన్‌డెలిబుల్ అనే మాట అందులోనే పోయింది.
చెరగనిది అని దానికి అర్థం.
ఆ పూట అన్నం మాత్రం బాగా ఉడికింది.

పరీక్ష శ్రీకాకుళంలో.
గేటు దగ్గర వేలిముద్రల మిషను.
బొటనవేలు పెట్టాను. ఎర్ర లైటు.
పైట చెంగుకి తుడిచి పెట్టాను. ఎర్ర లైటు.
చూపుడు వేలు. ఉంగరపు వేలు. ఎడమ చెయ్యి.
నా వెనక లైను సణుగుతోంది.
మిషను కుర్రాడు కసరలేదు,
నిజంగానే తెలీక అడిగాడు:
"ఏమైపోయాయండీ మీ గీతలు?"

ఎరోడ్. ఎబ్రేడ్. కరోసివ్. ఎక్స్‌కోరియేట్.
శనివారం జీతాల కిటికీ దగ్గర జనంలా
అన్నీ గొంతులో ఒకదాన్నొకటి తోసుకున్నాయి,
ఒక్కటీ బయటపడలేదు.
"జీడి, సార్," అన్నాను.

ఎవరికో ఫోను చేశాడు. ఫొటో తీశాడు.
పుస్తకంలో సంతకం పెట్టించుకున్నాడు.
పన్నెండు నిమిషాలు పోయాయి.
పేపర్లో ఆ కవలలు రాలేదు.
పెర్‌స్పికేషస్ వచ్చింది, మహాతల్లి.

మర్నాడు ఆరింటికి షెడ్డు.
"ఏటడిగినారే?"
"గీతలేమయ్యాయని అడిగారు."
"ఇంగిలీసులోనా?"
"తెలుగులోనే."
"మరేటన్నావు?"
"జీడి అన్నాను."
"అంతేనా? నాలుగేల మాటలు నేర్సి?"

సుత్తి పక్కన పడేసి
దగ్గొచ్చేదాకా నవ్వింది పిన్నమ్మ.
తర్వాత తన వేళ్లు వెలుతురుకి పట్టి
ఇటు తిప్పి, అటు తిప్పి,
నున్నటి ఆ పది కొసల్నీ
మొదటిసారి చూస్తున్నట్టు చూసుకుంది.
ఏమీ అనలేదు.
ఆముదం చిప్ప నా వైపు జరిపింది.

ఫలితాలు ఇంకా రాలేదు.
ఇవాళ అట్ట మీద
మళ్లీ 'జి' నుంచి మొదలుపెట్టాను.