పాయింటు

పశువుల కొట్టంలో, చినిగిన టార్పాలు కింద
పదమూడేండ్లు నిలబడింది సిన్నాయన ఎజ్డీ.
నిలబడింది అంటాండా గానీ
స్టాండు మన్నులోకి దిగి, ఒక పక్కకు ఒరిగి
గోడకు భుజమానించుకోని ఉండె.
సీటు గుంతలో కోడి గుడ్లు పెట్టేది.
సైలెన్సర్లో ఎలకలు సంసారం చేసి
శెనిక్కాయ పొట్టు కూరిపెట్టినాయి.

నేను కళ్యాణదుర్గంలో మోటర్లు చుట్టేవాణ్ణి.
బోర్లోంచి పైకి తీసిన మోటరు కడుపు కోసి
కాలిన రాగి పేగులు లాగేసి
కొత్తవి చుట్టి కుట్టేది నా పని.
నీళ్లు లేక వట్టిగా తిరిగి కాలినవే ఎక్కువ.

"బండి బాగు చేస్తా సిన్నాయనా" అంటే
సున్నం వేలు గోడకు తుడిచి
"ఇనప సామానోనికి ఏసెయ్" అన్యాడు.

ఒగప్పుడు వన్నూరప్ప బండి సద్దొస్తే
అంగట్లో కొబ్బరికాయలు అయిపోయేవి.
పిలకున్న కాయ అరచేతిలో పడుకోబెట్టుకోని
చేను పొడుగూతా నడిచేవాడు.
కాయ లేచి నిలబడిన చోట మడమతో గీత గీసి
"ఇదే పాయింటు" అనేవాడు.
వెనకాల రాళ్లు పేర్చుకుంటా నేను, ఏడేండ్లోణ్ణి.
కాయ కొట్టినాక ఒక చిప్ప నా కూలి.

సైడు డబ్బా తుప్పుకు బిగుసుకోని రాలేదు.
స్క్రూడ్రైవరు దూర్చి తన్నితే
ఒక ఎండుకాయ, లోపల గడగడమంటా.
దాని కింద నోటుపుస్తకం.
పేరు, అడుగులు, నీళ్లు.
మల్లాపురం తిప్పయ్య, 180, రెండించులు.
ముదిగల్లు ఎర్రిస్వామి, 310, ఇంచిన్నర.
రానురాను అడుగులు పెరిగినాయి, ఇంచులు తగ్గినాయి.
కడాకు దుమ్ము, దుమ్ము, దుమ్ము.
ఆఖరి మూడు గీతల్లో ఒకటే పేరు:
ఓబుళక్క, 520, దుమ్ము.
ఓబుళక్క, 610, దుమ్ము.
ఓబుళక్క. అడుగులు రాయలేదు.

సిన్నాయన కంటే నాలుగేండ్లు పెద్దది మా అత్త.
ఆమె చేన్లో ఇప్పుడు గాలిమరలు తిరుగుతాండాయి.
ఆ యేడు బండి కొట్టంలోకి తోసినాడు.
అన్నాచెల్లెలంటే పండగ్గూడా చేస్తారు గానీ
అక్కా తమ్ముడి తగవుకు ఒగ పేరన్నా లేదు.

ట్యాంకులో గుప్పెడు కంకర, లీటరు డీజలు పోసి
చంకనేసుకోని ఊపితే ఎర్రనీళ్లొచ్చె,
అచ్చం మా చేని మన్ను రంగు.
కార్బొరేటరు జెట్టు పూడిపోయింటే
మోటరు తీగలో వెంట్రుకంతది తుంచి పొడిచినా.
చైను కిరసనాయిల్లో రాత్రంతా నానింది.
మ్యాగ్నెటు మూత తీస్తే పాయింట్లు నల్లగా మాడిండాయి.
గరుకు కాగితం మడిచి మధ్యలో రుద్దినా.
వీటిని గూడా పాయింట్లే అంటారు.
రెండు ముక్కల నడుమ పోస్టుకార్డు మందం సందు.
అంతకు పెరిగినా తగ్గినా నిప్పు పుట్టదు.

కిక్కు కొట్టినా. పది. ఇరవై.
రిగ్గు లారీ పక్కన నిలబడి
రాడ్లు లెక్కపెట్టినట్లుండాది.
నూరడుగులు. ఇన్నూరు. పొడి దగ్గు.
అంగీ తీసి గుంజకు తగిలిచ్చినా.
మున్నూరు.
ప్లగ్గు విప్పి ముక్కుకాడ పెట్టుకుంటే
పెట్రోలు వాసన.
"తడొచ్చింది!" అని అరిచినా, నాకు తెలీకుండానే.
అరుగు మీద సిన్నాయన నమిలేది ఆపినాడు.

తుడిచి, బిగించి, ఇంగొక్క తాపు తంతే
సైలెన్సర్లో మిగిలిన పొట్టంతా ఎగిరి
కొట్టం తెల్లపొగయ్యె.
దూడ పలుపు తెంచుకున్యాది.
కోడి యాడికి పోయిందో సాయంత్రందాకా రాలేదు.

సిన్నాయన లేచి రాలేదు.
కూసున్నకాన్నుంచే అన్యాడు:
"ఆయిలెక్కువైంది. లీటరుకు ముప్పై సాలు."

తెల్లారి చూస్తే కొట్టంలో బండి లేదు.
నోటుపుస్తకం లేదు.
ఎర్రమన్నులో టైరు గీత
డొంక దాటి, పెద్దరోడ్డెక్కకుండా
గాలిమరల కింద
ఓబుళత్త రేకులింటి దిక్కు మళ్లిండాది.
ఎండుకాయ మాత్రం అరుగు మీదే వదిలిపోయినాడు.

నేను పోసింది ముక్కాలు లీటరు.
పోయేదానికి సాలు.
వచ్చేదానికి సాలదు.