పాత విలువ

మంగళవారం అల ఎత్తు రెండు పాయింట్ ఒకటి.
బుధవారం రెండు పాయింట్ మూడు.
అదే గాలి, అదే సముద్రం, అదే ప్రోగ్రాం.
పళ్ళికరణై ఆఫీసులో, ఏసీ హోరు కింద
అరవై నాలుగు కోర్లు
ఒకే గడిలో చేతులు పెట్టి తోసుకుంటున్నాయి,
పెళ్లి బంతిలో ఒకే విస్తట్లో ఇద్దరు వడ్డించినట్టు,
ఒకరు చారు పోస్తుంటే ఇంకొకరు పాయసం.
"ఆఖర్న ఎవరు రాస్తే వాళ్లదే నిజం" అంది ఇళవరసి.
నవ్వలేదు.

వరదరాజులు గారు ఇరవై ఏళ్లు రాసిన ఫోర్ట్రాన్ అది.
ప్రతి పెట్టెలోనూ చెరిపి రాసిన అంకె.
చెరిపిన చోట ఏముండేదో
యంత్రాన్ని అడిగినా చెప్పదు.

మళ్లీ మొదలుపెట్టాను, వేరే భాషలో.
ఇక్కడ చెరపడం లేదు.
తాతయ్య కొట్టు చిట్టాలోనూ అంతే,
తప్పు పడితే కొట్టివేత ఉండదు, కింద ఇంకో పద్దు.
పాత సముద్రం పాతగానే ఉంటుంది,
దాన్ని చూసి కొత్త సముద్రం పుడుతుంది.
ప్రతి గడీ నలుగురు పొరుగువాళ్లని చదువుతుంది
ఎవరి మీదా రాయదు.
ఇక తాళాలెందుకు, కాపలా ఎందుకు?

వరదరాజులు గారు కళ్లజోడు నుదుటి మీదికి తోసి చూశారు.
"ఇన్ని సముద్రాలు ఎక్కడ పెడతావమ్మా?"
నిజమే. మధ్యాహ్నానికి మెమరీ నిండింది.
ఎవరికీ అక్కర్లేని సముద్రాల్ని
ఊడ్చేవాడొకడు ఉంటాడని చెప్పాను.
వాడు ఊడ్చేటప్పుడు అందరూ పని మానేసి
కాళ్లెత్తి కూర్చోవాలని చెప్పలేదు.

శుక్రవారం రెండు పాయింట్ రెండు.
శనివారం రెండు పాయింట్ రెండు.
ఇళవరసి టీ తెప్పించింది.
పదిహేనో దశాంశం దగ్గర మాత్రం
ఒక అంకె కదులుతోంది.
కోర్లు పంచుకుని కూడితే
ముందు ఎవర్ని ఎవరితో కలిపామో
కూడికకి గుర్తుంటుందట.
బళ్లో ఇలా చెప్పలేదు.
ఆ అంకెని వదిలేశాను.
వదిలేశానో, ఒప్పుకున్నానో.

ఆ రాత్రి వేళచ్చేరిలో
మోకాటి లోతు నీళ్లలో స్కూటీ తోసుకుంటూ ఇల్లు చేరాను.
గుమ్మం పక్క గోడ మీద ఇంటాయన బొగ్గు గీతలు,
ఏ వరద ఎందాకా వచ్చిందో.
నిరుడు సున్నం వేయించినప్పుడు
ఆ జానెడు మేర వదిలేయమన్నాడు.
పెయింటరు గొణుక్కుంటూ వదిలేశాడు.

టార్చి వేశాను.
నీళ్లు కింది గీతని ముంచి, పై గీతకి బెత్తెడు దూరంలో.
ఇంటాయన మెట్టు మీద నించున్నాడు,
చేతిలో బొగ్గుముక్క.
గీయరా అంటే తల అడ్డంగా ఊపాడు.
"నిక్కట్టుం" అన్నాడు.
"నీళ్లు ముందు నిలవనీ."