సొంత వాహనం తప్పనిసరి

బిస్కెట్ల డబ్బాలో మూడువేల రెండువందల డాలర్లున్నాయి.
పీతల ఫ్యాక్టరీకి తాళం పడిన రోజు
చేతిలో పెట్టిన ఆఖరి సొమ్ములో
ఈ చలికాలం ఇంకా తినకుండా వదిలిన ముక్క.

సెల్బీ అడిగేది రెండువేల ఎనిమిదివందలు.
పోయిన వాళ్లన్న లియాండర్ నడిపిన బండి.
ఒళ్లంతా నీలం, ఒక్క తలుపు తెలుపు.
మంచు కరగాలని రోడ్లమీద చల్లే ఉప్పు
దాని కడుపుని కిందనుంచి కొరుక్కు తినేసింది.
కాళ్లకింది రబ్బరు పట్టా తనే ఎత్తి చూపించాడు:
అరచెయ్యంత కన్నం, కన్నంలో గడ్డి.
"వానొస్తే ఇంకో జత సాక్సు తెచ్చుకో," అన్నాడు.
అమ్మేవాడు అలా మాట్లాడితే
బేరం ఎక్కడ మొదలుపెట్టాలో తెలీదు.

క్లారెన్‌విల్‌లో వృద్ధాశ్రమం, రాత్రిపూట లాండ్రీ పని.
గాండర్‌లో గిడ్డంగి.
ఇంకెక్కడో కోళ్ల ఫారం.
ఏ ప్రకటన చదివినా కింద అదే మాట,
గుమ్మంలో కట్టేసిన కుక్కలా:
సొంత వాహనం తప్పనిసరి.

మా తీరానికి బస్సు రాదు.
మంగళవారం, శుక్రవారం ఆల్ఫియస్ వ్యాను వెళుతుంది,
అదీ డయాలసిస్ వాళ్లతో నిండిపోయి.
వాళ్లని దిగమని ఎలా అడగను?

కొలువుంటే కారు కొనొచ్చు.
కారుంటే కొలువు దొరకొచ్చు.
పిచ్చి కుదిరితేగాని పెళ్లి కుదరదట,
పెళ్లి కుదిరితేగాని పిచ్చి కుదరదట.
రెండూ కుదరని నేను
కరెంటు బిల్లు వెనకవైపు
పెన్సిలుతో కూర్చున్నాను.
బీమా. పెట్రోలు. చలికాలపు టైర్లు నాలుగు.
ఇల్లు వెచ్చబెట్టే నూనె.
కూడినప్పుడల్లా మొత్తం వేరేగా వస్తోంది,
ఎటు తిప్పినా నాకే తక్కువగా.

ఫోన్ మోగింది. వృద్ధాశ్రమం.
"మీకు వాహనం ఉందా?"
కిటికీలోంచి సెల్బీ పెరడు కనిపిస్తోంది.
నీలం కనిపిస్తోంది.
"ఉందండీ," అన్నాను.
అబద్ధం కాదు. అక్కడే ఉంది.
ఎవరిదని ఆవిడ అడగలేదు.

ఒక్కరోజుకి ఇస్తావా అన్నాను సెల్బీని.
తాళం విసిరాడు, చేప విసిరినట్టు.

డెబ్బై రెండు కిలోమీటర్లు.
కన్నంలోంచి రోడ్డు పరిగెత్తడం చూశాను,
చూడకూడదని తెలిసీ.
హీటరు పక్కసీటు వైపే పనిచేస్తుంది.
మనిషి లేనిచోట వెచ్చగా ఉంది,
నా వేళ్లు మాత్రం స్టీరింగుకి అతుక్కుపోయాయి.
చిత్తడి నేల దగ్గర
గుర్రమంత మూస్ దుప్పి రోడ్డుకి అడ్డంగా నిలబడి
నన్ను పైనించి కిందికి చూసింది,
ఇంటర్వ్యూ అప్పుడే మొదలైనట్టు.

ఎన్నేళ్ల అనుభవం అన్నారు.
ఇరవై రెండేళ్లు పీతల కాళ్లు విరిచానన్నాను.
దుప్పట్లు మడవడం వచ్చా అన్నారు.
దుప్పట్లు గిల్లవు కదా అన్నాను.
మేనేజరు డెల్ఫీన్ నవ్వింది. రాసుకుంది.
నవ్వే రాసుకుందో, నా మాటే రాసుకుందో.
శుక్రవారంలోపు చెబుతామంది.

తిరిగొచ్చేటప్పుడు ఇరవై డాలర్ల పెట్రోలు పోయించాను.
సెల్బీ ముల్లు చూశాడు, నన్ను చూశాడు,
ఏమీ అనలేదు.
"శుక్రవారం దాకా ఎవరికీ అమ్మకు," అన్నాను.
"దీన్నా? ఎవడు కొంటాడు?"
తాళం ఇవ్వబోతే తీసుకోలేదు.
"చలికి బ్యాటరీ చచ్చిపోతుంది.
పొద్దున్నే ఓసారి స్టార్ట్ చేస్తూ ఉండు,
నా మోకాళ్లు ఆ మంచులో నడవనివ్వవు."

అప్పట్నుంచీ రోజూ పొద్దున్నే
మంచు తోసి తలుపు లాగి
పది నిమిషాలు ఇంజను ఆన్ చేసి కూర్చుంటున్నాను.
ఎక్కడికీ వెళ్లను.
అద్దం సర్దుతాను. లియాండర్ నాకంటే పొడుగు.
గ్లవుబాక్సులో వాడి దగ్గుబిళ్లలు రెండున్నాయి,
తినలేదు, పారెయ్యలేదు.

రేపు శుక్రవారం.
ఇవాళ తాళం తిప్పి
ఇంజను పట్టుకున్నాక
పక్కసీట్లోకి జరిగాను.
వేడి వచ్చేది అటే.