పరగడుపు చుక్క

బైరెడ్డిపల్లె దాటినాక తారు రోడ్డు అయిపోతుంది.
అక్కడి నించి వ్యాను, మందుల పెట్టెలు, మేం తొమ్మిది మందిమి
ఒకరి ఒళ్ళో ఒకరం.
పాట ఎత్తుకున్న దయామణి సిస్టరు
గుంత వచ్చినప్పుడల్లా చరణం మింగేసి
మళ్ళీ పల్లవి దగ్గర తేలేది.

నాకు వైద్యం రాదు.
చిత్తూరు కలెక్టరాఫీసు ఎదురుగా నాదొక జెరాక్సు అంగడి.
వారమంతా ఆధార్లు, పాసుబుక్కులు, చావు సర్టిఫికెట్లు,
ఒకటి పెడితే అచ్చం అట్లాంటిదే ఇంకోటి.
రెండో శనివారం మాత్రం
చర్చి వాళ్ళతో వచ్చి మాత్రలు లెక్కపెడతాను.

బడి వరండాలో నా బల్ల.
చదువు రానివాళ్ళకు కవర్ల మీద బొమ్మలు గీయాలి:
పొద్దున్నకి కొండ మీద సగం సూర్యుడు,
మధ్యాహ్నానికి నిండు సూర్యుడు,
రాత్రికి నెలవంక.
సాయంత్రానికి నూటనలభై మంది సూర్యుళ్ళు.
ఒక్కడూ ఇంకొకడిలా రాలేదు,
ఒకడైతే కిరణాలు ఎక్కువై ముళ్ళపంది అయ్యాడు.
కవరుకొకటి చొప్పున అయ్యగారిచ్చిన కరపత్రాలు.
చాలామంది మాత్రల్ని వాటిలోనే చుట్టి
రొంటిన దోపుకున్నారు.

దొరసానమ్మ వచ్చింది.
పేరే దొరసాని. గోళ్ళ సందున టమేటా పసరు,
మణికట్టుకు బోయకొండ గంగమ్మ దారం.
దాన్ని కొంగు కింద దాచుకుని అడిగింది:
"మీ సామికి మొక్కితేనే మాత్రలిస్తారంట, నిజమేనా నాయనా?"
నేను అయ్యగారి వైపు చూశాను.
అయ్యగారు తూకం మిషను మీద నిలబడ్డ పిల్లోడి వైపు చూశారు.
దయామణి సిస్టరే అంది, "చెయ్యి చాపు, చాలు."
నాడి దొరికేదాకా దారాన్ని పక్కకి జరిపి
మళ్ళీ దాని చోట్లో దాన్ని పెట్టింది.

వేలూరు డాక్టరు పొన్నుదురై గారు అరవంలో చెప్పింది
నేను తెలుగులో చెప్పాను:
కడుపులో పుండు. పరగడుపున ఒక మాత్ర.
సగం సూర్యుణ్ణి గీసిచ్చాను.
ఆమె చూసి నవ్వింది.

"ఈయన లేసే తలికి
నేను రెండావుల పాలు పిండి, డైరీ వ్యానుకి పోసి,
సద్ది తాగి, తోటలో రెండు సాళ్ళు కాయ కోసుంటా.
నాకు పరగడుపంటే
వేగుచుక్కప్పుడు నాయనా."

కొట్టేశాను సూర్యుణ్ణి.
పక్కన చుక్క గీశాను, ఐదు కొమ్ములది,
డిసెంబరులో మా డాబా మీద వేలాడదీసే కాగితం చుక్కలాంటిది.
తోక కూడా పెట్టబోయి
ఎందుకో ఆగాను.

నెల తిరిగింది.
కవరు మడత విప్పి బల్ల మీద పెట్టింది.
పాల తడికి చుక్క అలుక్కుపోయింది.
ముప్పై మాత్రలూ పదిహేను రోజులకే ఖాళీ.
"మా తోడికోడలికీ ఇదే మంట.
అదీ నాతోపాటే లేస్తాది.
చుక్క ఒకటే గదా, చెరొకటి మింగినాం."

డాక్టరు గారు అరవంలో చాలాసేపు తిట్టారు.
ఆ తిట్లకు చిట్టచివర ఉన్న ఒక్క మాటే
నేను తెలుగులోకి తెచ్చాను:
"ఆమెను కూడా పిలుచుకు రమ్మంటున్నారు."
దొరసానమ్మ సంచిలోంచి టమేటాలు బల్ల మీద దొర్లించింది.
"ఈ వారం పెట్టె అడిగేవాడే లేడు. మీరన్నా తినండి."

మర్నాడు ఆదివారం. నాలుగింటికే మెలకువ.
ప్రార్థన చేద్దామని డాబా ఎక్కాను.
నీళ్ళ ట్యాంకు పక్కన, మురకంబట్టు కరెంటు తీగల పైన
అది ఉంది.
నేను గీసినదానిలా ఏమీ లేదు. కొమ్ముల్లేవు.
నా వీపు వెనక, పడమటి పక్క,
ఇద్దరాడవాళ్ళు ఈపాటికి
చెంబెత్తి గొంతులో నీళ్ళు పోసుకుంటుంటారు.

చేతులు జోడించానో లేదో గుర్తులేదు.
కింద వీధిలో ఎవరిదో పాలబండి హారను.
వచ్చే నెలకు కవర్లు కొనాలని మాత్రం గుర్తొచ్చింది,
ఇంకో పెన్ను కూడా,
తడికి చెరగనిది.