దించే ముందు

చీటీల్లో నాకు పదమూడో నంబరు పడింది.
పన్నెండు మంది మాట్లాడేదాకా
చొక్కా పైగుండీ పెడుతూ తీస్తూ కూర్చున్నాను.

భద్రతా వారోత్సవాలు. ప్రాంతీయ స్థాయి వక్తృత్వ పోటీ.
పోర్టు వాళ్ల హాలు, కిటికీల మీద బొగ్గుపొడి.
ఐదు నిమిషాలు. నాలుగుకి ఒక గంట, ఐదుకి రెండు.
కాకినాడ నుంచి, గంగవరం నుంచి,
రాజాం జూట్‌మిల్లు నుంచి వచ్చిన వాళ్లందరి జేబుల్లోనూ
మడతలు నలిగిన కాగితాలు.

నేను క్రేను మీద మనిషిని.
ఇరవై రెండేళ్లుగా నూటపది అడుగుల పైన
గాజుగదిలో కూర్చుని
సముద్రాన్ని కాదు, కింద ఒక చేతిని చూస్తున్నాను.
పైడయ్య ఎడం చెయ్యి.
గుప్పిట మూస్తే ఆగాలి.
చూపుడువేలు కిందికి తిప్పితే దించాలి.
వాకీటాకీలో మాకు మాటలు మూడే:
ఎత్తు, ఆగు, దించు.
ఇంట్లోనూ అంతకు మించి వాడనని మా ఆవిడ ఫిర్యాదు.

ఉపన్యాసం మా హైమ రాసిచ్చింది. ఇంటరు రెండో ఏడు.
మొదట ఒక శ్లోకం, మధ్యలో మూడు అంకెలు,
ఆఖర్న ఒక నినాదం, దాని వెనక చప్పట్లకి చోటు.
కంచరపాలెం మెట్ట మీద, నీళ్లట్యాంకు పక్కన
రాత్రుళ్లు నాచేత వల్లె వేయించింది.
"చేతులు నాన్నా, చేతులు! అలా వేలాడేసీకు."
నా చేతులు లివర్ల మీదే పుట్టాయేమో,
వాటికి వేరే పని తెలీదు.

కాకినాడ సుభద్రగారు మాట్లాడుతుంటే
ఫ్యాను కూడా మెల్లగా తిరిగినట్టుంది.
ఆవిడ ఒక్కసారీ నీళ్లు తాగలేదు.

నా పేరు పిలిచారు, ఇంటిపేరు తప్పుగా.
స్టేజీ ఎత్తు నాలుగడుగులు.
నూటపది అడుగుల మీద తిరగని కళ్లు
అక్కడ తిరిగాయి.

శ్లోకం వచ్చింది. మొదటి అంకె వచ్చింది.
రెండో అంకె దగ్గర ఎండిన బోరులా
గొంతులోంచి ఉత్త గాలి.
నా బదులు ఎవరో దగ్గారు.
ముందు వరసలో ఒకాయన వాచీ చూసుకున్నాడు.

అప్పుడు హార్బరు వైపు నుంచి
ఒక ఓడ కూసింది, పొడుగ్గా.
అలవాటున నోరు దానంతటదే తెరుచుకుంది:
"పైడయ్యా, వినపడతందా? ఓవర్."

హాలంతా నవ్వింది.
వెనకాల, క్యాంటీను కుర్రాళ్ల మధ్య నుంచి
"ఆఁ, వినపడతంది. సెప్పు. ఓవర్."
పైడయ్య లేచి కుడిచెయ్యి ఎత్తాడు.
ఆ చేతికి రెండు వేళ్లు లేవు.

నవ్వు మధ్యలో తెగిపోయింది.

కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను.
చెప్పాను.
హుద్‌హుద్ వెళ్లిన పదో రోజు,
విరిగిన రేకుల కట్ట,
అందరికీ తొందర.
వాకీటాకీ గరగరలో దించు అని ఎవరిదో గొంతు.
ఎవరిదని అడగలేదు.
కింద చెయ్యి చూడలేదు.
అరక్షణం.

తర్వాత పైడయ్య ఎడంచేత్తో సైగలు నేర్చుకున్నాడని,
వాటిని చదవడం నేను నేర్చుకున్నానని,
పలకా బలపం పట్టినట్టు
ఆ నెలంతా మా ఇద్దరికీ అదే బడి అని చెప్పాను.
మొదటి గంట నాకు వినపడలేదు.
రెండో గంట వినపడింది గానీ
ఆగమనే చెయ్యి ఎక్కడా కనపడలేదు.
నినాదం మర్చిపోయాను.
చప్పట్లకి హైమ వదిలిన చోటు
అలాగే ఉండిపోయింది.

నిమిషం పది సెకన్లు ఎక్కువైంది. పోటీలో లెక్కకి రాను.
మొదటి బహుమతి సుభద్రగారికి.
నాకిచ్చిన కాగితం మీద కూడా ఇంటిపేరు తప్పే.

కాన్వెంట్ జంక్షన్ దగ్గర టీ తాగుతూ
చాలాసేపు లారీలు చూశాడు పైడయ్య.
"ఆ గొంతు నాదే అయ్యుంటాదిరా.
గేపకం తెచ్చుకుందారంటే రాదు."
నేనేదో అనబోయాను.
ఎప్పుడో మానేసిన కుడిచేత్తో
గుప్పిట మూశాడు, ఉన్న మూడు వేళ్లతో.
ఆగాను.

ఇంటికెళ్లేసరికి హైమ గుమ్మంలోనే ఉంది.
ఫలితం అడగలేదు.
"చేతులేం చేశావు నాన్నా?" అంది.