సందుల లెక్క

గుంటూరుకి సముద్రం పార్శిల్లో వచ్చింది.
నలభై రెండు సీసాలు, గుప్పున స్పిరిట్ వాసన.
లారీ ఆఫీసు గుమాస్తా మూత దగ్గర ముక్కు పెట్టి
"మందా?" అన్నాడు.
"కాదండీ, మందలు" అన్నాను.
నవ్వలేదు. మూడు చోట్ల సంతకం పెట్టించుకున్నాడు.

రెండేళ్ళ కిందట అండమాన్‌లో,
పగడపు దిబ్బ పక్కన, తొమ్మిది ప్లాస్టిక్ పలకల్ని
ఒకదాని మీద ఒకటి పేర్చి
మధ్యన వేలు పట్టేంత సందు వదిలి
బోల్టులు బిగించి దించాం.
బడిలో వేసిన పిల్లకి పలకిచ్చి
ఏదో ఒకటి రాసుకోమని చెప్పి వచ్చేసినట్టు.
చేరేవాళ్ళు చేరండి అన్నాం.
అడ్వాన్సు అడగలేదు, మీరేవుట్లు అని అడగలేదు.
బ్రాడీపేటలో నాకు గది దొరకడానికి
ఇరవై మూడు గేట్లు తట్టాల్సొచ్చింది, అది వేరే సంగతి.

నీళ్ళలో తల ముంచితే అక్కడ ఎప్పుడూ తాలింపే,
మూకుట్లో ఆవాలు చిటపటమన్నట్టు.
అది వేలెడంత రొయ్య వేసే చిటిక.
కంటికి కనపడేది చేపలు, రంగులు, ఫోటోలు.
చిటికలేసేవాళ్ళంతా రాతి లోపల.

ఇప్పుడు మే నెల. నలభై ఐదు డిగ్రీలు.
కిటికీ తెరిస్తే మిర్చి యార్డు ఘాటు,
మూస్తే సీసాల ఘాటు.
రెంటికీ తుమ్ము ఒకటే.

గిన్నెలు కడగడానికి ఏస్తేరమ్మని పెట్టుకున్నాం.
అంతకుముందు ఇరవై ఆరేళ్ళు
కోల్డ్ స్టోరేజీ గోడ నీడన
మిరపకాయలకి తొడిమలు తీసింది, కిలోకి ఇంతని.
రాత్రిళ్ళు వేళ్ళు మజ్జిగలో పెట్టుకుని పడుకునేదట.
నేను జల్లెడ పడుతుంటే నిలబడి చూసింది.
"ఇదీ మా పనేగా" అంది.

జల్లెడలో మిగిలారు:
మెంతిగింజంత నత్తలు,
దారం ఉండ విప్పినట్టు పురుగులు,
ముట్టుకుంటే చెయ్యి మన చేతిలో వదిలేసిన
పెళుసు నక్షత్రాలు,
ఏమిటో తెలియని ఒక జిగురు.
కందిబద్దంత పీతలు పదకొండు.
పదకొండూ ఒక గిన్నెలో వేసి
"ఒకటే జాతి" అని చీటీ రాసి టీకి వెళ్ళాను.

వచ్చేసరికి గిన్నెలు రెండయ్యాయి.
"ఇయ్యి ఏడూ ఒకటి. ఈ నాలుగూ యేరు."
"ఎట్టా చెప్పావు?"
"తేజాకీ బాడిగకీ తేడా ఎట్టా చెబుతారు?
రంగు చూస్తే మోసపోతావమ్మా. ముచ్చిక కాడ చూడాల."
మైక్రోస్కోపు కింద పెట్టాను.
నాలుగింటికీ కాలి మొదట్లో
ఒక్క ముల్లు ఎక్కువ.

పరీక్షకి పంపిన పదహారో రోజున కాగితం వచ్చింది.
ఏడింటికి పేరుంది.
నాలుగింటి ఎదురుగా గడి ఖాళీ,
ఇంతవరకూ ఎవరి జాబితాకీ ఎక్కలేదు.
ఏస్తేరమ్మ ఆ గడి మీద వేలు పెట్టి కాసేపు ఉంచింది.
"మస్టర్‌లో రాయలేదా పాపం?
పనైతే చేసిందిగా అక్కడ."
నేను సమాధానం వెతుక్కునే లోపే
సబ్బు తెచ్చుకోవడానికి వెళ్ళిపోయింది.

చీటీ అడుగున "ఏరినవారు" అని ఒక గీత ఉంటుంది.
అలవాటుగా నా పొడి అక్షరాలే పడ్డాయి దాని మీద.
కొట్టేసి, పెన్ను ఆవిడకిచ్చాను.
ఇంటిపేరుతో సహా రాసింది,
చీటీ చాలక చివరి అక్షరం సీసా మీదకి పోయింది.

సాయంత్రం కరెంటు పోయింది.
ఫ్యాను ఆగాక కింద మెస్సు వినపడింది,
ఎవరో పప్పులోకి తాలింపేస్తున్నారు.
చీకట్లో ఇద్దరం కదలకుండా విన్నాం,
నేనొకటి విన్నాను, ఆవిడొకటి వినుంటుంది.

"లోపల ఇంకా ఎంతమంది ఉంటారమ్మా?"

"తెలీదు.
మూడు పలకలే అయ్యాయి.
ఆరు పలకల సీసాలు మూతే తియ్యలేదు."

"అయితే రేపు పెందలాడే వస్తా" అంది,
చెప్పుల కోసం కాలితో తడుముకుంటూ.